ఇసాపీ గిట్టలకు నల్లనూనె పడదు

కిందటి వారం ఎలీదా వాయెహోస్, తను పనిచేసే ఎస్టేటు దొరతో పందెం కట్టి ఇరుక్కున్న చోట ఆగాం. మరిచిపోయినవాళ్ల కోసం ఆ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. వానలు పడీ పడీ కరందై ఎస్టేటు చాలావరకు చిత్తడిలో మునిగిపోయినప్పుడు ఇసాపీ అనే ఎర్రని ఆడగుర్రానికి గిట్టలు కుళ్లాయి. మోకాళ్ల దాకా తెల్లగా ఉండే దాని నాలుగు కాళ్ల మీద చర్మం పక్కులు కట్టి పగిలింది. ఇక పనికిరాదని ఎస్టేటు దొర దోన్ లియాండ్రో దాన్ని మాంసం లారీకి ఒప్పజెప్పబోయాడు. ఎస్టేటులో గుర్రాల మంచీచెడ్డా చూసే ఎలీదా అడ్డం పడింది. శాన్ ఇసిద్రో పండగ నాటికి కుంటు లేకుండా నడిపిస్తానని, నడిస్తే గుర్రం తనకే ఇచ్చెయ్యాలని అడిగింది. దొర నవ్వి సరేనన్నాడు. ఊరేగింపులో మా వరుసలో చర్చి చుట్టూ కుంటకుండా తిరిగితే నీదే, అడుగు తడబడితే అక్కడినుంచే లారీ ఎక్కుతుంది అన్నాడు.

ఆయన అంత తేలిగ్గా నవ్వినప్పుడే ఎలీదా అనుమానించి ఉండాల్సింది. కానీ ఆమెకు గుర్రాల సంగతి తెలిసినంతగా మనుషుల సంగతి తెలియదు. ఈ కథ మొదటినుంచీ చదువుతున్నవాళ్లకు ఆ మాట కొత్తేమీ కాదు.

పండగ పొద్దెక్కేసరికి పాసో గార్సా ఊరి చర్చి వెనకాల నీలగిరి చెట్ల కింద గుర్రాలన్నీ కట్టేసి ఉన్నాయి. ఆడవాళ్లు బుట్టల్లో వేడి వేడి చిపా రొట్టెలు మోసుకొస్తుంటే కాలిన జున్ను వాసన ఊరంతా కమ్ముకుంది. ఎర్ర పార్టీ రుమాళ్ల వాళ్లు ఒక పక్కా, నీలం పార్టీ రుమాళ్ల వాళ్లు ఇంకో పక్కా చేరి, అవతలివాళ్లు ఎక్కొచ్చినవి గుర్రాలా గాడిదలా అని ఒకరినొకరు ఎకసెక్కాలాడుకుంటున్నారు. ఏటా ఉండే గొడవే అది. ఎలీదాకు మాత్రం అవేవీ చెవిన పడడం లేదు. ఇసాపీ ముందుకాలు తన మోకాళ్ల మధ్య ఇరికించుకుని, వంగి, గిట్ట అడుగున వాసన చూస్తోంది.

నవ్వకండి. గిట్ట లోపల కుళ్లు ఉందో లేదో కంటికంటే ముందు ముక్కుకే తెలుస్తుంది. ఇవాళ ఆ గిట్ట ఎండిన చెక్క వాసన వేస్తోంది. ఎలీదా రెండోసారి, మూడోసారి కూడా వాసన చూసింది. నమ్మకం కుదరక కాదు, ఆనందం పట్టలేక.

ఆ ఎండిన చెక్క వాసన కోసం ఆమె పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. మొదట్లో తనే తప్పు చేసింది. పగిలిన కాళ్లు చూసి గాభరాపడి, ఎండ ప్రాంతంలో పుట్టి పెరిగిన తన తల్లి చేసినట్టే ఎద్దు కొవ్వూ తేనెమైనమూ కరిగించి గిట్టల నిండా దట్టంగా పట్టించింది. ఎండి బీటలు వారిన గిట్టకు అంతకంటే మంచి మందు లేదు. కానీ వారాల తరబడి నీళ్లలో నానిన గిట్టకు అది మూత బిగించినట్టే అయింది. లోపలి తడి బయటికొచ్చే దారి లేక కుళ్లు రెట్టింపయింది. పడవ మీద వచ్చిన పశువుల డాక్టరు చూసి చీవాట్లు పెట్టి, మెత్తబడిన భాగం చెక్కేసి, చక్కెరలో అయోడిన్ కలిపిన ముద్ద అందులో కూరి గుడ్డ కట్టడం దగ్గరుండి నేర్పాడు. ముందు గిట్టను ఆరనివ్వు, ఏం పూసినా ఆ తర్వాతేనని మరీ మరీ చెప్పాడు.

ఆ మాట ఎలీదా బుర్రలో పెట్టుకుంది. నీళ్ల మధ్య తాటి దుంగలు పరిచి, పైన ఇసుక పోసి, గుర్రం పొడిగా నిలబడడానికి అరుగు కట్టింది. లపాచో చెట్టు బెరడు కాచిన ఎర్రని నీళ్లతో కాళ్లు కడిగింది. పక్కుల్ని గోళ్లతో పీకకుండా సబ్బునీళ్లతో నానబెట్టి, వాటంతట అవే రాలేదాకా ఓపిక పట్టింది. గుడ్డతో తడి అద్ది, జల్లించిన బూడిద చల్లింది. కొవ్వూ మైనం ముద్దను మళ్లీ ముట్టుకున్నది చర్మం పూర్తిగా ఆరిన తర్వాతే, అది కూడా మడమల మీది పగుళ్లకు మాత్రమే, చాలా పలచగా రాసింది. ఇప్పుడా కాళ్ల మీద తెల్లని కొత్త వెంట్రుకలు మొలిచాయి. నాలుగు గిట్టలూ జున్నుముక్క రంగులో శుభ్రంగా ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే సిప్రియానో వచ్చాడు. చేతిలో రేకు డబ్బా, డబ్బాలో కుంచె. డబ్బా నిండా ట్రాక్టరు ఇంజను లోంచి తీసిన మాడిన నూనె, తారులా నల్లగా ఉంది. పండగ ఊరేగింపుకి గుర్రాల గిట్టలకు ఆ నూనె పూసి నిగనిగలాడించడం, ఈ చిత్తడి నేలకు ట్రాక్టర్లు వచ్చినప్పటినుంచీ ఉన్న ఆచారం. పూయని గుర్రాన్ని తెస్తే, చెప్పుల్లేకుండా పెళ్లికొచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తారు. పండగ మర్నాడు అవే గిట్టల్ని మళ్లీ బురదలోకి తోలి, కుళ్లితే వానల్ని తిట్టుకుంటారు.

సిప్రియానో కరందై కాపర్లందరికీ మేస్త్రీ. అంతకంటే ముందు, ఎలీదా బాప్తిస్మం నాడు ఆమెను చేతుల్లో ఎత్తుకున్న జ్ఞానతండ్రి, ఇక్కడి మాటలో పద్రీనో. ఆయన కనబడగానే ఎలీదా గుర్రం కాలు వదిలేసి, నిలబడి, రెండు చేతులూ జోడించి దీవెన అడిగింది. నలభై ఏళ్లు నిండినా సరే, ఈ ప్రాంతంలో జ్ఞానతండ్రి ఎదురైతే చేతులు జోడించకుండా నోరు తెరవరు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి అంటూ సిప్రియానో గాల్లో సిలువ గీశాడు. చేతిలో కుంచె ఉన్న సంగతి మరిచి దాంతోనే గీయడంతో నల్లని చుక్కలు ఆయన పండగ చొక్కా మీద పడ్డాయి. తిట్టుకుంటూ తుడుచుకున్నాడు. అవి ఇంకా పెద్ద మచ్చలయ్యాయి.

"కాలెత్తించు," అన్నాడు. "మన వరుసలో ఇదొక్కటే మిగిలింది."

"దీనికొద్దు పద్రీనో."

"వద్దంటే?"

"వద్దంటే వద్దనే. పూయనివ్వను."

సిప్రియానో మొదట నవ్వాడు. తర్వాత బుజ్జగించాడు. ఒక్కపూట ముచ్చటే కదా, సాయంత్రం కిరసనాయిలు పెట్టి రుద్దేస్తే పోతుందన్నాడు. ఇప్పుడిప్పుడే మూతపడుతున్న చర్మానికి కిరసనాయిలా అని ఎలీదా ఒంటికాలి మీద లేచింది. తను కొవ్వు పూసి చేసిన తప్పే, అంతకంటే పాడు నూనెతో మళ్లీ చెయ్యమంటున్నావా అని నిలదీసింది. తెల్ల గిట్టలు ఎటూ బలహీనమేనని, నల్లగా చేస్తే చూసేవాళ్లకైనా బలంగా కనిపిస్తాయని ఆయన ఏదో సర్దిచెప్పబోయాడు. ఎలీదా వినిపించుకోలేదు. చివరికి ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నీ గుర్రం గురించి నువ్వు చూసుకుంటున్నావు పిల్లా. నా బువ్వ సంగతి ఎవరు చూస్తారు? ఒక్క గుర్రం తెల్ల కాళ్లతో పోతే దొర నన్ను అడుగుతాడు, నిన్ను కాదు."

ఆ మాటకు ఎలీదా మనసు కలుక్కుమంది. ఈ మనిషే తనను తొలిసారి గుర్రం ఎక్కించింది. గిట్ట ఎలా పట్టుకోవాలో చూపించింది కూడా ఈయనే. ఆయనకు చెడ్డపేరు రావడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు. అయినా వెనక్కి తగ్గలేదు.

"దీవెన అడగాలి కాబట్టి అడిగా, పద్రీనో. రేపు కూడా అడుగుతా. గిట్ట మాత్రం ఇవ్వను."

ఆయన డబ్బాలో కుంచె తిప్పుతూ నిలబడ్డాడు. ఆయన భుజం మీదుగా చూసిన ఎలీదాకు అప్పుడే ఇంకో సంగతి కంటబడింది. అవతలి దడి దగ్గర ఎస్టేటు గుర్రాలు మరో గుంపు కట్టేసి ఉన్నాయి. అవి ఊరేగింపువి కావు, అమ్మకానికి తెచ్చినవి. పక్క రాష్ట్రం ఎంత్రే రియోస్ నుంచి దోన్యా పెర్లా అనే ఆవిడ, పిల్లలకు స్వారీ నేర్పే తన బడి కోసం వాటిని కొనడానికి వచ్చింది. ఆ గుర్రాల గిట్టలు కూడా నల్లగా మెరుస్తున్నాయి. పండగ గుర్రాలకు పూసినట్టు పలచగా కాదు, వెంట్రుకల అంచుదాకా మందంగా పూశారు.

"వాటికెందుకు పూశారు? అవి ఊరేగింపులో నడవవుగా?"

సిప్రియానో నీళ్లు నమిలాడు. పండగ కదా అన్నాడు, దొర చెప్పాడన్నాడు, అందంగా ఉంటాయన్నాడు. ఒక్క ప్రశ్నకు మూడు జవాబులు వచ్చేసరికి ఎలీదాకు అనుమానం గట్టిపడింది. దడి వైపు నాలుగడుగులు వేసింది. గాలి అటునుంచి ఇటు వీస్తోంది. ముందు మాడిన నూనె ఘాటు ముక్కుకు కొట్టింది. దాని అడుగున సన్నగా ఇంకో కంపు. ఆ కంపు ఆమెకు బాగా తెలుసు, తాటి దుంగల అరుగు మీద దాంతోనే రోజులు గడిపింది.

సిప్రియానో గబగబా వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. గుర్రం నీకు దక్కాలనుంటే అటు చూడకు, చూసినా చూడనట్టే ఉండు అని చెవిలో బతిమాలాడు. ఎలీదాకు భయం వేసింది. ఎందుకు చూడకూడదో అడిగేలోగా దోన్ లియాండ్రో వచ్చేశాడు.

దొర తన నల్లగుర్రం మీద, వెండి తాపడం చేసిన జీనులో, మెడకు ఎర్రని పట్టు రుమాలు కట్టుకుని దర్జాగా వచ్చాడు. వెనకాల ఎస్టేటు కాపర్లు గుంపుగా ఉన్నారు. తండ్రి పోయాక కిందటేడే ఎస్టేటు ఆయన చేతికొచ్చింది. ఆయన అరవడు. మెత్తగా, అందరికీ వినపడేలా మాట్లాడతాడు. అది అరుపుకంటే అన్యాయంగా ఉంటుంది.

"ఏం ఎలీదా, నా గుర్రాలన్నిటికీ సరిపోయిన నూనె నీ మహారాణికి సరిపోలేదా?"

"కుళ్లిన గిట్టలని మీరు లారీకి ఇవ్వబోయారు దొరా. బాగయిన గిట్టలు ఇవి. వీటి జోలికి రాకండి."

కాపర్లలో ఎవరో కిసుక్కున నవ్వి, దొర తల తిప్పగానే దగ్గులోకి దింపాడు. దొర మొహంలో చిరునవ్వు చెదరలేదు. జీను మీద కాస్త ముందుకు వంగాడు.

"సరే, అందరూ వినండి. కరందై గుర్రం అంటే నల్లని గిట్టలతో మెరుస్తూ నడవాలి. ఆ తెల్లకాళ్లది నా గుర్రం కాదు. నా వరుసలో దానికి చోటు లేదు. దాంతో నాకు ఏ సంబంధమూ లేదు, దాన్ని తెచ్చిన మనిషితో కూడా."

ఉన్న ఉద్యోగం ఒక్క ముక్కలో ఊడిపోయింది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉందని ఎలీదాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. దొర పెట్టిన పందెం తన వరుసలో నడవాలని. ఇప్పుడా వరుసలోకి రానివ్వనంటున్నాడు. నూనె పూయిస్తే ఇసాపీ తనకు దక్కుతుంది, కానీ మళ్లీ కుళ్లు పడుతుంది. పూయించకపోతే కుళ్లు పడదు, కానీ లారీ ఎక్కుతుంది. దొర ఎందుకు నవ్వాడో ఇప్పుడు తెలిసొచ్చింది. చర్చి పక్క సందులో ఆ లారీ తలుపులు తెరుచుకుని సిద్ధంగా ఉంది. డ్రైవరు మెట్టు మీద కూర్చుని చిపా తింటున్నాడు.

కోపం ముంచుకొచ్చింది. అంత కోపంలో ఏడుపు కూడా కలిసి ఉండడం ఆమెకే చిరాకనిపించింది. ఇంతమంది ముందు తను ఏడిస్తే దొర గెలిచినట్టే. ఎలీదా ఇసాపీ మెడ మీద చెయ్యి వేసి, ఒక్క ఊపున ఎక్కి కూర్చుంది. చిత్తడి నేలల కాపర్లందరిలాగే ఉత్త కాళ్లతో.

"మీ వరుస మీరే ఉంచుకోండి దొరా. దారి ఊరిది."

గంటలు మోగాయి. ఊరేగింపు కదిలింది. ముందు సాధువు విగ్రహం, దాని వెనక ఎర్ర రుమాళ్లు, నీలం రుమాళ్లు, కరందై గుర్రాల వరుస. అన్నిటికీ వెనక, ఎవరి వరుసా కాకుండా, ఎలీదా ఒక్కతే ఇసాపీ మీద సాగింది. నల్లని గిట్టలన్నీ వెళ్లిపోయాక తెల్లని గిట్టలు ఒంటరిగా రావడం చూసి జనం మొదట నోళ్లు వెళ్లబెట్టారు, తర్వాత నవ్వారు. గుర్రానికి చెప్పులు మరిచిపోయావా ఎలీదా అని ఎర్ర రుమాలు కట్టుకున్న లావాటి మనిషి ఒకడు కేకేశాడు. దీని కాళ్లు కడిగే తెచ్చానయ్యా, నీ కాళ్లు నువ్వెప్పుడు కడుగుతావో చెప్పు, నేనూ వచ్చి చూస్తాను అని ఆమె గుర్రాన్ని ఆపకుండానే జవాబిచ్చింది. ఈసారి జనం వాణ్ణి చూసి నవ్వారు.

పైకి అలా అంది గానీ ఆమె ధ్యాసంతా ఇసాపీ అడుగుల మీదే ఉంది. చర్చి మలుపులో కంకర రాళ్లు పరిచి ఉన్నాయి. బాగైన గిట్టకైనా అవి గుచ్చుకుంటాయి. ఇసాపీ అక్కడ ఆగి, తల దించి, రాళ్లను వాసన చూసింది. ఎలీదా కళ్లెం లాగలేదు, మడమతో పొడవలేదు. నీ ఇష్టం తల్లీ అని మాత్రం అనుకుంది. గుర్రం ఒక కాలు వేసింది. రెండోది వేసింది. తర్వాత తీరిగ్గా, సంతకొచ్చిన పెద్దావిడలా, రాళ్లన్నీ దాటేసింది. ఫాదరు చల్లిన తీర్థపు నీళ్లు ఇద్దరి మీదా పడ్డాయి. ఎలీదా మొహం ఎలాగూ తడిసింది కాబట్టి, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపును ఇక ఆపుకోలేదు.

చుట్టు పూర్తయింది. ఒక్క అడుగు కూడా తడబడలేదు. ఊరంతా చూసింది.

నీలగిరి చెట్ల కింద దొర గుర్రం దిగకుండా ఎదురుచూస్తున్నాడు. కాపర్లు ఆయన చుట్టూ ఉన్నారు, సిప్రియానో డబ్బాతో సహా వాళ్లలోనే ఉన్నాడు. బాగా నడిపించావు అని దొర మెచ్చుకున్నాడు. కాకపోతే నడిచింది నా వరుసలో కాదు కాబట్టి పందెం చెల్లదన్నాడు. లారీ డ్రైవరు వైపు తిరిగి చెయ్యి ఊపాడు. గుర్రం దిగమని ఎలీదాకు చెప్పాడు. ఆమె దిగలేదు. దింపగలిగినవాళ్లు వచ్చి దింపమంది. కాపర్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు గానీ ఒక్కడూ ముందుకు రాలేదు.

అదుగో అప్పుడు దోన్యా పెర్లా వచ్చింది. బొద్దుగా, మోకాళ్ల దాకా బూట్లతో, వేళ్లకు అంటిన జున్ను లంగాకి తుడుచుకుంటూ వచ్చింది. అమ్మకపు గుర్రాల దడి పక్కనుంచే వచ్చింది, వాటివైపు చూసి మొహం చిట్లించింది. ఎవరినీ అడగకుండా వంగి ఇసాపీ ముందుకాలు ఎత్తింది. బొటనవేలితో అడుగున నొక్కి చూసింది. తర్వాత, పొద్దున ఎలీదా చేసినట్టే, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పొద్దుట్నుంచీ ఇక్కడ నేను చూసింది గిట్టలు కాదు, నూనె," అంది. "కంటికి కనపడ్డ గిట్టలు ఈ నాలుగే. దీన్ని తీసుకెళ్తాను. ఎవరిదిది?"

"నాదే దోన్యా పెర్లా," అన్నాడు దొర, లారీ వైపు ఊపిన చేతినే గుండె మీద పెట్టుకుని. "మా కరందైలో మేలురకం."

ఎలీదా కళ్లెం బిగించి పట్టుకుంది. లారీ నుంచి తప్పించింది ఇందుకా. బూడిద చల్లి, బెరడు కాచి బాగుచేసిన గిట్టలే ఇప్పుడు గుర్రాన్ని తనకు దూరం చెయ్యబోతున్నాయి. ఆవిడ మంచిదే కావచ్చు, బడిలో పిల్లలు ముద్దు చెయ్యనూవచ్చు. అయినా ఇవ్వను. ఆ మాట ఆమె గట్టిగా పైకే అంది. "ఇవ్వను. ఇందాక ఇంతమందిలో ఇది నా గుర్రం కాదన్నారు మీరు. నాకు సంబంధం లేదన్నారు."

"ఎవరన్నారు?" దొర కాపర్ల వైపు చూశాడు. అందరూ నేలచూపులు చూస్తున్నారు. ఆయనకు ధైర్యం వచ్చింది. "సిప్రియానో, నువ్వు చెప్పు. నేనన్నానా ఆ మాట?"

సిప్రియానో టోపీ తీశాడు. తండ్రి హయాంలోనూ కొడుకు హయాంలోనూ ఆ నోటినుంచి దొరకు ఎదురుమాట వచ్చిందని ఎవరికీ గుర్తులేదు. చొక్కా మీది నల్ల మచ్చల వైపు ఒకసారి చూసుకున్నాడు. ఎలీదా వైపు చూడలేదు.

"అన్నారు దొరా," అన్నాడు. "నిన్న నూనె డబ్బాలు నా చేతికిచ్చినప్పుడు ఇంకో మాట కూడా అన్నారు. అది కూడా చెప్పమంటారా?"

నోర్ముయ్ అన్నాడు దొర. ఆయన అరవడం ఎస్టేటు వాళ్లు వినడం అదే మొదటిసారి.

దోన్యా పెర్లా ఇసాపీ కాలు మెల్లగా కిందికి దించి నిలబడింది. ఆవిడ మొహంలో ఇప్పుడు బేరం లేదు. "మాటలతో చెప్పొద్దులే మేస్త్రీ," అంది. "చూపించు. ఒక నల్లగిట్ట ఎత్తి, తుడిచి చూపించు."

సిప్రియానో మెడలోని రుమాలు విప్పి చేతికి చుట్టుకున్నాడు. దడి దగ్గరున్న గుర్రాల వైపు వెళ్తాడని అందరూ దారి ఇచ్చారు. ఆయన అటు వెళ్లలేదు. నేరుగా దొర ఎక్కి కూర్చున్న గుర్రం దగ్గరికి నడిచి, వంగి, వెంట్రుకల అంచుదాకా మందంగా నూనె పూసిన దాని ముందుకాలు పట్టుకున్నాడు.